ముప్పై నాలుగు బ్యాటరీలు, ఒక సంతకం

నా పదవీ విరమణ సభలో ప్రిన్సిపాల్ నన్ను మెచ్చుకుంటూ, "ఈయన ల్యాబులో పనిచేయని వస్తువు ఒక్కటి కూడా ఉండేది కాదు" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను శాలువా సర్దుకుంటూ తల వంచుకున్నాను. వినయం అనుకున్నారు పాపం. నిజానికి ఆ మాట వినగానే పుంగనూరులో గడిచిన ఒక శుక్రవారం గుర్తొచ్చి నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ల్యాబుల్లో, స్టోర్లలో కొత్తగా చేరుతున్న మీలాంటి పిల్లలకు ఆ రోజు సంగతి చెప్పాలని చాలా కాలంగా అనుకుంటున్నాను. ఇందులో ఘనకార్యమేమీ లేదు, అచ్చంగా నేను చేసిన తప్పు.

మదనపల్లెలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో నేను ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ టెక్నీషియన్‌ని. కురబలకోటలో ఇల్లు, రోజూ బస్సులో రాకపోకలు. ఒక ఏడాది మా డిపార్ట్‌మెంట్‌కి ఓ కుర్ర లెక్చరర్ వచ్చాడు. విమానాల పిచ్చి. థర్మోకోల్‌తో చిన్న చిన్న విమానాలు చేయించి, సాయంత్రాలు పిల్లల చేత గ్రౌండులో ఎగరేయించేవాడు. వాటి కోసం తెప్పించినవే ఈ ముప్పై నాలుగు బ్యాటరీలు. లిథియం పాలిమర్ అంటారు, పిల్లలు ముద్దుగా లైపో అనేవాళ్లు. సబ్బుబిళ్ల కంటే కాస్త పొడుగు, చేతిలో ఇమిడిపోతుంది. ఒక ఎర్ర తీగ, ఒక నల్ల తీగ. మూడేళ్లకు ఆ లెక్చరర్ వేరే ఉద్యోగం చూసుకుని వెళ్లిపోయాడు. విమానాలు చెత్తబుట్టలోకి పోయాయి, బ్యాటరీలు మా స్టోర్‌లోని ఇనుప బీరువాలోకి చేరాయి.

పోయే ముందు ఆయన నన్ను కూర్చోబెట్టి జాగ్రత్తలు చెప్పాడు. వీటికి గట్టి పెంకు ఉండదు, పైన పలుచటి తొడుగే. పాతబడితే లోపల గాలి చేరి ఉబ్బుతాయి. నిండుగా చార్జి ఉన్నప్పుడు నలిగినా, పొడుచుకున్నా, రెండు తీగలు ఒకదానికొకటి తగిలినా అంటుకుంటాయి. దాచాలంటే సగం చార్జితో దాచాలి. పారేయాలంటే మొత్తం ఖాళీ చేసి, బ్యాటరీలు తీసుకునే వాళ్లకే అప్పగించాలి. ఇదంతా ఒక కాగితం మీద రాసి బీరువా తలుపు లోపల అంటించి మరీ వెళ్లాడు. నేను ఆ కాగితాన్ని రోజూ చూశాను. రోజూ చూసేదాన్ని మనిషి చదవడు.

ఇక మా కాలేజీ ఆచారం చెప్పాలి. ఏటా ఎండాకాలంలో స్టాకు తనిఖీ జరుగుతుంది. వేరే డిపార్ట్‌మెంట్ నుంచి ముగ్గురు వచ్చి రిజిస్టర్ ముందు పెట్టుకుని ఒక్కో వస్తువునూ చూస్తారు. ఎదురుగా రెండు గడులుంటాయి, పనిచేస్తుంది, పనిచేయదు. రెండో గడిలో టిక్కు పడిందో, ఎందుకు పనిచేయదు, ఎవరి నిర్లక్ష్యం అని మెమో వస్తుంది. ముప్పై ఏళ్ల సర్వీసులో అప్పటిదాకా నాకు మెమో రాలేదు. ఆ సంగతి నేను పెళ్లిళ్లలో కూడా చెప్పుకునేవాణ్ణి. అందుకని తనిఖీకి రెండు రోజుల ముందే కూర్చుని, ముప్పై నాలుగు బ్యాటరీలనూ ఒకటొకటిగా నిండా చార్జి చేసేవాణ్ణి. వాళ్లు మీటరు పెట్టి చూస్తే ముల్లు లేచేది. టిక్కు మొదటి గడిలో పడేది. ఉబ్బినవాటిని సెల్లోటేపు చుట్టి, పక్కవాటి మధ్యలో ఇరికించి పెట్టేవాణ్ణి. తనిఖీ అయ్యాక అవి నిండు చార్జితోనే బీరువాలోకి వెళ్లి, మళ్లీ ఏడాది దాకా అక్కడే కూర్చునేవి. అంటే ఏ పని అస్సలు చేయకూడదో, సరిగ్గా ఆ పనినే ఏడేళ్ల పాటు శ్రద్ధగా చేశానన్నమాట. తెలియక చేసిన పని కాదు, అదే నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

ఆ ఏడాది తనిఖీ అయిన రెండు నెలలకు స్టోరు గది ఖాళీ చేయాలని ఆర్డరు వచ్చింది. పాత సామానంతా పుంగనూరులో గుజరీ అంగడి, అంటే పాత ఇనుప సామాను అంగడి నడిపే ఒకాయన తీసుకుంటాడు. బ్యాటరీలు ఉంటే వాటికి వేరే సర్టిఫికెట్ కావాలి. అది ఎప్పుడో యూపీఎస్ బ్యాటరీల కోసం తయారుచేసిన ఫారం. 'ఆసిడ్ వంపివేయబడినది' అని ఒక లైను. 'చార్జి పూర్తిగా తీసివేయబడినది, ప్రమాదము లేదు' అని ఇంకో లైను. మా స్టోర్‌కీపర్, నాకంటే ఇరవై ఏళ్లు చిన్న, ఫారం తెచ్చి బల్ల మీద పెట్టింది. "అన్నా, ఫైలు సాయంత్రం లోపల పోవాలంట, సంతకం పెట్టియ్యి" అంది. లారీ వచ్చేది వచ్చే వారం కదా, సోమవారం కూర్చుని అన్నీ ఖాళీ చేద్దాంలే అనుకున్నాను. దానికి కావలసిన చిన్న బల్బులు కూడా ఏరి డ్రాయరులో పెట్టుకున్నాను. వీటిని గుజరీకి పంపకూడదని ఫైల్లో ఒక ముక్క రాయాల్సింది, అదీ సోమవారానికే వాయిదా వేశాను. సంతకం మాత్రం అప్పుడే పెట్టాను.

శుక్రవారం సెలవు పెట్టి కుప్పం వెళ్లాను. మా అక్క మనవరాలికి చెవులు కుట్టే ఫంక్షను. షామియానా కింద కూర్చుని ఉన్నాను, పదకొండింటికి స్టోర్‌కీపర్ ఫోను చేసింది. గొంతులో సంతోషం పొంగిపోతోంది.

"అన్నా, స్టోరు ఖాళీ అయిపాయ! పుంగనూరాయన పొద్దున్నే లారీ తెచ్చేసినాడు."

"వచ్చే వారం గదమ్మా వస్తాననింది?"

"ఇట్ల పక్క ఇంకేదో లోడు ఉండాదంట, దాంతో పాటే ఎత్తుకోని పాయ. నీ బ్యాటరీల సంచి కూడా ఇచ్చేస్తి. సర్టిఫికెట్ జెరాక్సు కూడా ఇచ్చి పంపిస్తి, ఎవురన్నా ఆపితే సూపిస్తాడు."

గోనెసంచిలో ముప్పై నాలుగు నిండు బ్యాటరీలు, ఒకదాని మీద ఒకటి, తీగల కొసలు ఒకదానికొకటి తగిలేలా. అది కూడా ఎండలో, లారీలో, మా కాలేజీ పాత కుర్చీల కింద. పైగా గుజరీ అంగట్లో వాటిని ఏం చేస్తారో నాకు తెలుసు. తీగలు కత్తిరించి, సుత్తితో పగలగొట్టి, లోపల రాగి ఏమైనా ఉందేమో చూస్తారు.

"ఏమైందన్నా?"

"ఏం లేదమ్మా. ఆ సంచి ఒకసారి సూడాల."

"నేను పోయి సూసి వస్తునా? పుంగనూరు ఎంతసేపు, ముక్కాలు గంట గదా."

ఇక్కడే నేను చేసిన రెండో తప్పు. ఆమె వెళ్తే పన్నెండు లోపల అక్కడుంటుంది. కానీ వెళ్లాలంటే ఎందుకో చెప్పాలి. చెబితే సంతకం సంగతి బయటపడుతుంది. "వద్దులేమ్మా, నేను సూసుకుంటా" అన్నాను. అంగడి ఆయన నంబరు మాత్రం అడిగి రాసుకున్నాను.

అక్క ఆకు వేసి పిలుస్తోంది. "యాలరా అట్ల తెల్లబోయిండావు? ఒక ముద్ద తినేసి పో" అంది. బస్సు ఉందని అబద్ధం చెప్పి బయటపడ్డాను. అదృష్టం, బస్టాండులో నిజంగానే బస్సు ఉంది. పలమనేరు దాకా వెళ్లి, అక్కడ మారాలి.

ఆ ప్రయాణం ఎట్లా జరిగిందో చెప్పలేను. ఎక్కిన దగ్గరి నుంచి అంగడి ఆయనకు ఫోను చేస్తూనే ఉన్నాను. మోగుతుంది, ఆగిపోతుంది. బస్సు ప్రతి ఊళ్లోనూ ఆగేది. ఒకచోట డ్రైవరు టీకి దిగితే వెళ్లి ఆయన భుజం పట్టుకుని లాక్కురావాలనిపించింది. ఫైర్ స్టేషనుకు ఫోను చేయొచ్చు కదా అని మీరడుగుతారు. చేయొచ్చు. నంబరు నొక్కాను కూడా. నొక్కి, చెరిపేశాను. పేరు అడుగుతారు, ఏ కాలేజీ అని అడుగుతారు. ఏమీ జరగకుండానే ఊరంతా గోల చేసినట్టవుతుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఏమీ జరగదులే అని ఒక నిమిషం, ఈపాటికి అయిపోయి ఉంటుందని ఇంకో నిమిషం.

పలమనేరులో బస్సు మారి గంగవరం దాటుతుండగా ఫోను ఎత్తారు. ఆడమనిషి గొంతు, పెద్ద వయసు.

"కొడుకు నమాజుకి పోయిండాడు. ఫోను అంగట్లో పెట్టేసి పోయినాడు. ఎవురు మాట్లాడేది?"

"మదనపల్లె కాలేజీ నుంచమ్మా. పొద్దున ఒక బ్యాటరీల సంచి వచ్చింది సూడు..."

"వచ్చింది. నా ముందరే ఉండాది."

అప్పుడు చెప్పాలి, అది అంటుకుంటాది అమ్మా, దాన్ని తాకొద్దు, దూరంగా పో అని. అంతే. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. బస్సులో పక్కన మనుషులున్నారు, ఫోనులో ఆమె ఉంది, కాగితం మీద నా సంతకం ఉంది. నా నోట్లోంచి వచ్చింది ఇది:

"ఆ సంచి పొరపాటున వచ్చేసిందమ్మా. రిజిస్టర్‌లో తేడా వచ్చింది. నేను వచ్చి తీసుకోని పోతా, అట్లే పెట్టుండు."

అవతల గొంతు మారిపోయింది. "అంగట్లోకి వచ్చిన సరుకు వాపసు ఇచ్చే అలవాటు మాకు ల్యా సారూ" అని ఫోను పెట్టేసింది. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

ఆమె ఏమనుకుంటుందో నాకప్పుడు తట్టలేదు. ఇచ్చిన సంచిని వెనక్కి అడుగుతున్నారంటే అందులో విలువైనదేదో ఉండుంటుంది, ఆ సారు వచ్చేలోపల పగలగొట్టి తీసుకోవాలి అనుకుంది. గుజరీ అంగట్లో పుట్టి పెరిగిన మనిషి అట్లాగే అనుకుంటుంది. నేను నిజం చెప్పి ఉంటే ఆ సంచిని చూసి భయపడేది. అబద్ధం చెప్పి ఆమె చేతికి సుత్తి ఇచ్చాను.

పుంగనూరులో దిగి ఆటో ఎక్కాను. రెండు కావస్తోంది. అంగడి ఒక సందు చివర. ముందు రేకుల పంచ, వెనక ఇల్లు. పంచ నిండా పాత ఫ్యాన్లు, లారీల లైట్లు, మా కాలేజీ కుర్చీలు. మధ్యలో గోనెపట్ట మీద ముసలామె కూర్చుని ఉంది. తల మీద తెల్ల కొంగు, కాళ్ల మధ్య ఇనుప దిమ్మ. ఎడమ చేత్తో బాగా ఉబ్బిన ఒక బ్యాటరీని దిమ్మ మీద ఆనించి పట్టుకుంది, కుడి చేతిలో సుత్తి. మోకాలి పక్కనే మూతి విప్పిన సంచి ఉంది.

"అమ్మా! సుత్తి కింద పెట్టు!"

ఆమె తలెత్తి చూసింది గానీ సుత్తి పెట్టలేదు. "నువ్వేనా ఫోను సేసింది? సెప్తిని గదా, వాపసు ల్యా అని."

"నాకు సరుకు వద్దమ్మా. కొడితే అది అంటుకుంటాది."

"ఎట్ల అంటుకుంటాది? మీ కాలేజోళ్లే కాయితం ఇచ్చిండారే." పట్ట కింద నుంచి మడత పెట్టిన జెరాక్సు తీసి నా ముఖం ముందు ఊపింది. "నాకు సదువు ల్యా. నా కొడుకు సదివి సెప్పినాడు. కరెంటు అంతా తీసేసినాము, భయం ల్యా అని రాసిండారంట. కింద సారు సంతకం ఉండాదంట. నువ్వు సెప్పేది నమ్మాల్నా, ఆ సారు రాసింది నమ్మాల్నా?"

సుత్తి మళ్లీ లేచింది. ఆ క్షణంలో నా ముప్పై ఏళ్ల మంచి పేరు, రాని మెమోలు, అన్నీ ఎందుకూ పనికిరాకుండా పోయాయి.

"ఆ కాయితం అబద్ధమమ్మా," అన్నాను. "ఆ సారు నేనే. సంతకం నాది. నేను కరెంటు తీయలేదు. రెణ్ణెల్ల కింద నేనే నా సేతులారా నిండా ఎక్కించి పెట్టినాను."

ఆమె నన్ను కిందికీ పైకీ చూసింది. సుత్తిని మెల్లగా పక్కన పెట్టింది. తర్వాత మోకాలి పక్కకు వేలు చూపించింది. "అయితే ఇందాక దీని తీగలు కత్తిరిస్తే మెరిసింది. అందుకేనా?"

అక్కడ ఇంకో బ్యాటరీ ఉంది. రెండు తీగలూ ఒకే దెబ్బకు కత్తిరించింది. పక్కనే ఉన్న కత్తెర అంచులు కాలి నల్లబడ్డాయి. దాని మీద సుత్తి దెబ్బ గుంట కూడా కనిపిస్తోంది. నేను చూస్తుండగానే అది ఇంకా ఉబ్బింది. సన్నగా బుస్సుమని చప్పుడు మొదలైంది. సంచికీ దానికీ మధ్య జానెడు దూరం.

"లెయ్యమ్మా, లేసి వీధిలోకి పో!"

మోకాళ్ల నొప్పుల మనిషి, లేవలేకపోయింది. చంకల కింద చేతులు వేసి ఆమెను లాగి, ఫ్యాన్ల వెనక్కి తోశాను. గోడకు పార ఆనించి ఉంది. దాంతో ఆ బ్యాటరీని ఎత్తాను. నాలుగడుగులు వేశానో లేదో భగ్గుమంది. తెల్లటి పొగ, ముక్కు మాడిపోయే వాసన. పారతో సహా ఎదురింటి వాళ్లు కట్టుబడికి పోసుకున్న ఇసుక కుప్ప మీదికి విసిరేశాను. అది అక్కడ గుండ్రంగా తిరుగుతూ, చిమ్ముతూ మండింది. వెనక్కి పరిగెత్తి సంచిని మెడ దగ్గర పట్టుకుని, మంటకు రెండో వైపు, ఖాళీ స్థలంలోకి మోసుకెళ్లాను. మోస్తున్నంతసేపూ ఎక్కడ బుస్సుమంటుందోనని దాని చప్పుడే వింటూ నడిచాను. సంచిని దించి మట్టిలోనే కూర్చుండిపోయాను.

ముసలామె రేకుల పంచ అంచున నిలబడి ఆ మంటనే చూస్తోంది. ఆమె పట్ట మీద అది పడి ఉన్న చోటు నల్లగా కమిలి ఉంది.

నమాజు నుంచి వచ్చిన కొడుకు విషయం విన్నాడు. తిడతాడనుకున్నాను, తిడితే బాగుండేది కూడా. "ఇప్పుడు ఏం సేయాల సారూ, సెప్పు" అన్నాడు. ఉప్పునీళ్లలో నానేస్తే సరిపోదా అని అడిగాడు. చాలామంది అదే అనుకుంటారు. ఉప్పునీళ్లు చార్జి దించేలోపలే తీగల మొదళ్లు తినేస్తాయి, లోపలి చార్జి లోపలే ఉండిపోతుంది. అందుకని ఆయన అంగట్లోనే ఉన్న సిమెంటు తట్టల్లో ఇసుక పోసి, ఖాళీ స్థలంలో దూరదూరంగా పెట్టాం. పాత లారీల ఇండికేటర్ బల్బులు ఏరి, ఒక్కో తట్టలో ఒక్కో బ్యాటరీకి ఒక్కో బల్బు తగిలించాం. బల్బు వెలిగి, మెల్లగా ఎర్రబడి, ఆరిపోవాలి. గంటకు పైగా పడుతుంది. చేతికి వెచ్చగా తగిలితే తీసేసి ఆగడం. ఆరిన తర్వాత కూడా బల్బును అట్లాగే వదిలి, ఆయన మీటరుతో సున్నా చూసుకుని, తీగల కొసలు విడివిడిగా టేపు చుట్టి, ఇసుక డ్రమ్ములో పడుకోబెట్టడం. ఆ సాయంత్రం కొన్ని, మర్నాడు పొద్దున్నుంచి మిగతావి. చేసింది ఇంతే. నా డ్రాయరులో బల్బులు పెట్టుకుని నేను సోమవారానికి వాయిదా వేసిన పని ఇదే. ముప్పై మూడింటినీ ఖాళీ చేశాం. తర్వాత ఎలక్ట్రానిక్ చెత్త తీసుకెళ్లే వ్యాను వచ్చి డ్రమ్ముతో సహా పట్టుకెళ్లింది.

శనివారం ఆఖరి బల్బు ఆరుతుండగా ముసలామె రెండు గ్లాసుల టీ పట్టుకుని వచ్చింది. ఒకటి నాకిచ్చి పక్కనే స్టూలు మీద కూర్చుంది. జెరాక్సు కాగితం ఇంకా ఆమె చేతిలోనే ఉంది. కోపం లేదు ముఖంలో. తెలుసుకోవాలని అడిగినట్టే అడిగింది.

"బేటా, ఇట్ల సూడకుండా ఇంకా ఎన్ని కాయితాల్లో సంతకం పెట్టిండావు?"

నిజంగా నాకు తెలియదు.

మెమో తర్వాత వచ్చింది లెండి. ప్రిన్సిపాల్ "ఎవరికీ ఏం కాలేదు కదా, ఇది మన మధ్యనే ఉంచుదాం" అన్నారు గానీ, నేనే జరిగింది రాసిచ్చాను. స్టోర్‌కీపర్ తప్పేమీ లేదని కూడా రాశాను. మెమోలో ఉన్నది నాలుగు లైన్లు. ఏడేళ్లు ఆ నాలుగు లైన్లకు భయపడి బ్యాటరీలు చార్జి చేశాను. సభలో ప్రిన్సిపాల్ గారు దాన్ని మర్చిపోయారు, అది ఆయన మంచితనం.

కానీ ఆ సోమవారం పొద్దున నేను ముందు వెళ్లింది ప్రిన్సిపాల్ గదికి కాదు. పిల్లలు ప్రాక్టికల్స్‌కి లోపలికి వెళ్తున్నారు, చేతుల్లో రికార్డులు, ఒకటే నవ్వులు. వాళ్లు వెళ్లేదాకా ఆగి, ల్యాబు తలుపు పక్కన గోడకు వేలాడే మంటలార్పే సిలిండరు దగ్గర నిలబడ్డాను. దాని మెడకు కట్టిన చీటీలో ప్రతి ఆరు నెలలకూ ఒక వరుస ఉంది, 'సరిచూడడమైనది' అని, ఎదురుగా నా సంతకం. అన్నీ ఒకే తీరుగా, చక్కగా ఉన్నాయి. చేత్తో దుమ్ము తుడిచి, లోపల ఒత్తిడి ఎంతుందో చూపే చిన్న గడియారం లాంటి మీటరులో ముల్లు చూశాను. అది సున్నా దగ్గర పడుకుని ఉంది.